ఎలుగు ఎడమ చెవి

మా ఇంట్లో పొద్దున్నే పేపరు చదివి వినిపించే ఉద్యోగం నాది. దానికి జీతం లేదు, సెలవూ లేదు. మావగారికి దూరం చూపు బాగానే ఉంది, దగ్గరి అక్షరాలు ఆనవు. కళ్ళజోడు చేయించుకోండి మావా అంటే, ఎలుగుతో కలబడిన మనిషి కళ్ళజోడు పెట్టుకుంటే ఊరు నవ్విపోతుంది అంటారు. అత్తకు రెండు చూపులూ బాగున్నాయి గానీ చదువు లేదు. బడిలో ముప్పై మంది పిల్లలకు పాఠం చెప్పడానికి వెళ్ళేలోగా ఇంట్లో ఈ ఇద్దరికీ చెప్పి వెళ్ళాలి. మాట వినే విషయంలో బడి పిల్లలే నయం.

ఇద్దరికీ రాజకీయాలు పట్టవు. ఎవరు గెలిచారో, ఎవరు ఏ పార్టీలోకి దూకారో చదువుతుంటే మావగారు ఆవలిస్తారు. ఆ ఇద్దరికీ కావలసింది పట్నం పేజీలో అడుగున, ఓ మూలకు వేసే జూ వార్తలు.

"ఓ పిల్లా, ఇయ్యాల జూ సంగతులేటైనా ఏసినారా?" అని అత్త వంటింట్లోంచే అడుగుతుంది.

నీటిగుర్రం ఈనిందనీ, కొన్నాళ్ళు జనాన్ని ఆ వైపు రానివ్వరనీ ఒకరోజు చదివాను. "పురుడు గదేటి. పదిరోజులు ఎవులూ ముట్టుకోకూడదు. ఆళ్ళకీ తెల్సు" అంది అత్త. ఇంకోరోజు, మన జూ నుంచి రెండు నక్కల్ని వేరే రాష్ట్రం జూకి పంపి, అక్కడి నుంచి ఒక జీబ్రాల జంటను తెచ్చుకున్నారని వచ్చింది. అత్త చేతిలో గరిటెతో సహా అరుగు మీదికి వచ్చేసింది.

"అయితే కుండమార్పు సమ్మందమన్నమాట. రెండు నక్కలిచ్చి రెండు సారల గుర్రాలు తెచ్చుకున్నారా? మనోళ్ళు గట్టోళ్ళే."

"కుండమార్పులో ఒకింట్లో పిల్ల ఏడిస్తే రెండో ఇంట్లో పిల్లని ఏడిపిస్తారు. ఆ నక్కల్ని ఆళ్ళు సరిగ్గా సూడకపోతే ఈ గుర్రాల గతేటి?" అని మావగారి బెంగ.

అవతల పొయ్యి మీద పాలు పొంగి కారిపోతుంటే నేను జీబ్రాలకు అత్తారింటి కష్టాలు ఉండవని నచ్చజెప్పుకుంటూ కూర్చున్నాను. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ వేళ పాలగిన్నె కూడా నేనే తోముకున్నాను.

జూ మీద వీళ్ళకు అంత మక్కువ ఎందుకంటే, మా ఊరిది ఒకటి అక్కడ ఉంది. అంతకు ముందు ఏడాది కొబ్బరితోటలోని పాడుబడ్డ నేలబావిలో ఒక ఎలుగు పడిపోయింది. అటవీశాఖవాళ్ళు వచ్చి, మత్తు సూది వేసి, వల కట్టి పైకి తీసి, బోనులో పట్నం జూకి పట్టుకుపోయారు. మా బడి పిల్లలు ఆ రోజు హాజరు పలికి ఒక్కరూ లోపల లేరు. నేనూ లేను, అది వేరే సంగతి. కానీ మేం వెళ్ళేసరికే బోను మీద టార్పాలిన్ కప్పేశారు. ఊళ్ళో ఎవ్వరూ దాని మొహం సరిగ్గా చూడలేదు.

నాది శృంగవరపుకోట. కొండల కింద పుట్టి పెరిగి ఒక్క ఎలుగునీ చూసి ఎరుగను. సముద్రం పక్కకు కోడలిగా వచ్చాక ఎలుగుల మధ్య పడ్డాను. ఇటు గాలి తిరిగితే భావనపాడు వైపు నుంచి ఎండుచేపల వాసన వస్తుంది, అటు తిరిగితే జీడితోట. ఆ తోటలోకి వెళ్ళేటప్పుడు మా ఊళ్ళో ఒక కట్టుబాటుంది. నోరు మూసుకుని నడవకూడదు. ఎలుగుకు చూపు తక్కువ. మనిషి వస్తున్న చప్పుడు చెవిన పడితే తనే తప్పుకుపోతుంది. చప్పుడు లేకుండా ఎదురుపడితే బెదిరిపోయి మీద పడుతుంది. అందుకని జీడి కాపు మొదలైన రోజున ఊరంతా వరసగా నడుస్తారు. అందరికన్నా ముందు ఒక మనిషి నూనె డబ్బాను కర్రతో వాయిస్తూ, "వస్తన్నాం, వస్తన్నాం, తోవ ఒగ్గు" అని కేకేసుకుంటూ వెళ్ళాలి. ఆ ముందు నడిచే మనిషంటే ఊళ్ళో సర్పంచి కన్నా ఎక్కువ. ఆ స్థానం చాలా ఏళ్ళుగా మా మావగారిది.

ఎందుకంటే ఆయన ఎలుగుతో కలబడి బతికి బయటపడ్డారు. నేను కాపురానికి వచ్చేసరికే ఆ కథ ముదిరిపోయి ఉంది. ఒకనాడు పొద్దున్న అత్తతో కూరలో ఉప్పు దగ్గర గొడవపడి, ఈ ఇంట్లో ఇంక ఎవరితోనూ మాట్లాడనని ఒట్టేసుకుని, అదే మంకుపట్టుతో డబ్బా కూడా ముట్టుకోకుండా తోటలోకి వెళ్ళారట. చెట్టు చాటు నుంచి ఎలుగు లేచింది. ఎడమ భుజం మీద పంజా విసిరింది. ఆయన చేతిలో బొండాలు కొట్టే కత్తి ఉంది. ఒక్క వేటు వేశారు. ఎలుగు ఎడమ చెవి తెగి కింద పడింది. అదొక దారి, ఆయనొక దారి.

భుజం నుంచి మోచేతి దాకా మూడు గీతలు నేను కూడా చూశాను. కాని కథ వినగా వినగా నాకు నమ్మకం పోయింది. నా పెళ్ళి నాటికి ఆరడుగులున్న ఎలుగు, నా కొడుకు అన్నప్రాసన నాటికి ఏడున్నర అడుగులైంది. పెరగనిదీ మారనిదీ ఆ ఎడమ చెవి ఒక్కటే.

ఈ కథను ఊళ్ళో మొదటి నుంచీ నమ్మని మనిషి అత్తకు స్వయానా అన్న. కొబ్బరికాయల వ్యాపారం. అత్త అన్నా అంటుంది కాబట్టి ఇక్కడ ఆయన అన్నగారు. ఇంత లావు మీసం, రోజూ దానికి కొబ్బరినూనె. ఆయనా మావగారూ ఒకర్నొకరు బావా అని పిలుచుకుంటారు, రోజూ మా అరుగు మీదే టీ తాగుతారు, రోజూ అక్కడే తగువు పడతారు.

"ఎలుగూ లేదు, గిలుగూ లేదు. నా తోటలో బొండాలు దొంగతనానికి సెట్టెక్కినాడు. నన్ను సూసి జారి ముళ్ళకంచి మీద పడ్డాడు. ఆ గీతలు కంచివే" అనేది అన్నగారి కథ. అది కూడా ఏటా కొంచెం పెరుగుతూ వచ్చింది. మొదట్లో మావగారు రెండు బొండాలు దించారట, ఇప్పుడు గెల.

ఇదిలా ఉండగా ఒకనాడు పట్నం పేజీలో పెద్ద వార్తే వచ్చింది. జూలో ఎలుగులకు కొత్త చోటు కట్టారట. పాత కటకటాలు తీసేసి, రాళ్ళ గుహలూ చెట్లూ పెట్టి, చుట్టూ కందకం తవ్వారట. మా ప్రాంతంలో బావిలో దొరికిన ఎలుగును ఇన్నాళ్ళూ వైద్యం కోసం విడిగా ఉంచి, ఇప్పుడు జనం చూడడానికి అందులో వదిలారట. ఫోటో కూడా వేశారు. అరుగు మీద ముగ్గురూ నా మీద పడిపోయారు.

ఫోటోలో ఎలుగు కుడివైపు తిరిగి ఉంది. కుడి చెవి చక్కగా కనిపిస్తోంది. ఎడమ వైపు గోడ.

"మా తోటలో ఉన్నది ఒక్కటే పెద్ద ఎలుగు. అది అదే" అన్నారు మావగారు.

"అయితే తాడో పేడో తేల్సీద్దాం బావా. పట్నం ఎల్దాం. ఎడం సెవి నేకపోతే నా మీసం తీసెత్తాను. ఉంటే మాత్తరం ఈ ఏడు నువ్వు ఎనకాల నడు, డబ్బా నాకిచ్చీ."

మావగారి మొహంలో భయం చూశాననుకున్నాను. డబ్బా పోతే ఆయనకు మిగిలేది ఏమిటి? పొలం కొడుకు పేరు మీద ఉంది, మాట కోడలి చేతిలో ఉంది. అప్పుడు నాకు పాపం అనిపించింది. వద్దు మావా, ఎండలు అన్నాను. ఆయన వినలేదు. లేచి నిలబడి, "సరే బావా. మంగలోడికి కబురెట్టుకో" అన్నారు.

మా ఆయన లారీ మీద ఊళ్ళు తిరుగుతుంటారు. కాబట్టి ముగ్గురు పెద్దవాళ్ళను పట్నం తిప్పే భాగ్యం నాకే దక్కింది. ఆదివారం తెల్లవారుతూనే ఆటోలో కోటబొమ్మాళి స్టేషనుకు వెళ్ళి పాసింజరెక్కాం. కిటికీ సీటు కోసం బావలిద్దరూ చంటిపిల్లల్లా పోట్లాడుకున్నారు. అన్నగారు గెలిచి, విజయనగరం దాకా కిటికీకి అడ్డంగా నిద్రపోయారు. అత్త ఒళ్ళో ఒక సంచి. ఏమిటత్తా అంటే, ముందుగా పండిన జీడిపళ్ళు. ఎందుకత్తా అంటే, "మనూరోడిని సూడ్డానికి ఉత్తి సేతుల్తో ఎల్తామేటి" అంది.

జూ గేటు దగ్గర కాపలాదారు ఆ సంచి పట్టుకున్నాడు. లోపలికి తిండి తీసుకెళ్ళకూడదన్నాడు.

"మాకు కాదు బాబూ. లోపల మా ఊరోడున్నాడు, ఆడికి."

"మీ ఊరాయన ఇక్కడ పనిచేస్తాడా అమ్మా? ఏ సెక్షను?"

"ఎలుగుల్లో ఉన్నాడు. ఏడాదై పోనాది, మా ఊరోళ్ళు ఒక్కరూ సూడ్డానికి రానేదు."

"ఎలుగుల కీపరా?"

"కాదు బాబూ. ఎలుగే."

కాపలాదారు నా మొహం చూశాడు. నేను ఆకాశం చూశాను. సంచి, దానితో పాటు మా పులిహోర డబ్బా, గేటు దగ్గరే ఉండిపోయాయి.

అన్నగారు ఎప్పుడో పెళ్ళయిన కొత్తలో ఆ జూ చూశారట. నాకు దారి తెలుసు, నా వెంట రండి అని మమ్మల్ని నడిపించారు. పులుల పక్క నుంచి తిప్పి తిప్పి తీసుకెళ్ళి ఒక బోను ముందు నిలబెట్టారు. అందులో ముళ్ళపందులున్నాయి. పక్కన బోర్డు మీద ఎలుగులు కొత్త చోటికి మారాయని రాసి, వెనక్కి బాణం గుర్తు వేసి ఉంది. మేం వచ్చిన దారే అది, గేటు దగ్గర నుంచి నేరుగా వెళ్తే రెండు నిమిషాలు. మిట్టమధ్యాహ్నపు ఎండలో మళ్ళీ వెనక్కి నడిచాం. నేను అన్నగారితో ఒక్క మాట కూడా అనలేదు. అనకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డానో పళ్ళ నొప్పికే తెలుసు.

కొత్త చోటు నిజంగానే బాగుంది. కటకటాలు లేవు. మా నడుము ఎత్తు గోడ, గోడ అవతల లోతుగా కందకం, దానికి ఆవల బండరాళ్ళూ, చెట్లూ, ఒక చిన్న నీటిగుంట. అన్నగారు గోడ దాకా వచ్చి ఆగిపోయారు.

"ఊసలేవీ? మీదకి దూకితే ఏటి గతి?" అని మెల్లిగా మావగారి వెనక్కి చేరారు. మావగారి ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఎలుగు ఉంది. వేపచెట్టు నీడలో, బండ మీద, ఎడమ చెంప రాతికి ఆనించి హాయిగా నిద్రపోతోంది. పైకి కుడి చెవి కనిపిస్తోంది. ఫోటోలో ఉన్నట్టే. అది కథలోని ఏడున్నర అడుగుల ఎలుగు కాదు. మూతి దగ్గర నెరిసిపోయి, వీపు మీద బొచ్చు రాలిపోయి, మా వీధి చివరి ముసలి గేదె కన్నా చిన్నగా ఉంది.

"లేస్తాది. లేసినప్పుడు సూద్దాం" అన్నారు మావగారు.

అది లేవలేదు. ఒంటిగంట దాటింది, రెండు దాటింది. దాన్ని లేపడానికి అన్నగారు చప్పట్లు కొట్టారు. అత్త బిడ్డను పిలిచినట్టు "రా అయ్యా, రా నాయనా" అని పిలిచింది. ఎవరో వచ్చి చూసి వెళ్ళారు, వాళ్ళ పిల్లలు బొమ్మేమో అని ఏడ్చారు. ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది. నలుగురం గోడ మీదికి వంగాం. నిద్రలోనే తల ఎత్తి, మళ్ళీ అదే పక్క, అదే చెంప రాతికి ఆనించి పడుకుంది. నాకు ఆకలికి కోపం, కోపానికి ఆకలి. మా పులిహోర గేటు దగ్గర ఉంది. ఎలుగుకు చెవి ఉంటే ఎంత, లేకపోతే ఎంత అని గట్టిగానే అన్నాను.

మావగారు మాత్రం బెంచీ మీద కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, కళ్ళు తిప్పకుండా దాన్నే చూస్తున్నారు. పరీక్ష ఫలితం కోసం కూర్చునే పిల్లల్ని ఇన్నేళ్ళుగా చూస్తున్నాను. అదే కూర్చోవడం. ఈయన కథ అబద్ధమని తేలిపోతే ఇంటికి ఎలా తీసుకెళ్ళాలా అని నాకు దిగులు పట్టుకుంది.

నాలుగు కావస్తుండగా కీపరు బక్కెటు పట్టుకుని వెనక ద్వారం దగ్గరికి వచ్చాడు. రాగిజావ, బెల్లం, అరటిపళ్ళు. ఎలుగుకు కుడివైపుగా వెళ్ళి నిలబడి, బక్కెటు మీద గరిటెతో నాలుగు దెబ్బలు కొట్టాడు. ఎలుగు లేచింది. ఒళ్ళు దులుపుకుంది. బండ దిగి, మా ముందు నుంచి, ఎడమ పక్క మా వైపు పెట్టి నింపాదిగా నడిచి వెళ్ళింది.

ఎడమ చెవి లేదు.

చెవి ఉండవలసిన చోట నున్నగా, నల్లగా, ముడతపడ్డ చర్మం ఉంది. ఎవరో ఒక్క వేటుకు కోసినట్టు.

"ఓలమ్మ" అంది అత్త. అన్నగారి చెయ్యి దానంతట అదే మీసం మీదికి వెళ్ళింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్ళు ఆయన చెప్తుంటే లోపల్లోపల నవ్వుకున్నాను, బడిలో టీచర్లకు చెప్పి నవ్వించాను కూడా. మావగారు బెంచీ మీంచి లేచారు. మొహం వెలిగిపోతోంది. కుడిచేత్తో ఎడమ భుజం మీద చొక్కా పైకి లాగుతూ, "సూసినావా బావా" అనబోయారు. "సూసి" వరకే నోటి నుంచి వచ్చింది.

కీపరు ఎలుగుకు జావ పోసి, గోడ పక్కకు వచ్చి మా మాటలు విన్నట్టున్నాడు. అతనిదీ మా వైపేనని నోరు విప్పగానే తెలిసిపోయింది.

"సెవి సూస్తన్నారా? ఎవుడో సచ్చినోడు నరికీసినాడు. పాత దెబ్బ. లోపలంతా కుళ్ళిపోయి ఆ పక్క ఇనికిడి పోనాది దానికి. అందికే ఎప్పుడూ ఆ పక్క నేలకి ఏసి తొంగుంటాది, ఇనిపించే సెవి పైకి ఉండాల గదా."

మావగారి చెయ్యి చొక్కా మీద అలాగే ఉండిపోయింది.

"అటేపు ఊళ్ళల్లో డబ్బాలు కొడతారు గదా తోటల్లోకి ఎల్తే? దీనికి ఒక పక్క ఇనపడదు. మనిసి దగ్గరకొచ్చీదాకా తెల్దు. తెల్సేసరికి బెదిరిపోయి మీద పడతాది, జనం రాళ్ళెట్టి కొడతారు. ఒంటి మీద ఎన్ని మచ్చలున్నాయో. అలా పరిగెడతానే బావిలో పడుంటాది." అతను బక్కెటు కింద పెట్టాడు. "మీరు ఆ పక్కోళ్ళేనా? ఎవుడు నరికినాడో ఎరికేనా?"

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నగారు మావగారి వైపు చూశారు. ఇన్నేళ్ళుగా మావగారు ఎదురుచూసిన ప్రశ్న అది. జవాబు ఆయన భుజం మీద మూడు గీతలుగా ఉంది.

"తెల్దు బాబూ" అన్నారు మావగారు. చొక్కా కిందికి దించుకున్నారు. "మా ఊరి ఎలుగు ఇది కాదు. మాది పెద్దది."

కీపరు తలూపాడు. ఎలుగు జావ తాగేసి, మూతి నాక్కుని, బక్కెటు వైపు ఆశగా చూస్తోంది.

"ఇంకా నొప్పెడతాదేటి దానికి?" అని మావగారు అడిగారు.

"నేదు తాతా. మందులేసినారు, మానిపోనాది. ఇక్కడ సుకంగా ఉన్నాది."

"వానలకి?"

"వానలకీ నేదు."

బయటికి వచ్చేటప్పుడు గేటు దగ్గర మా పులిహోర డబ్బా తిరిగి ఇచ్చారు. జీడిపళ్ళ సంచి మావగారు తీసుకోలేదు. "ఎలుగుల కాడ కీపరున్నాడు. డాక్టరు బాబు ఒప్పుకుంటే దానికి ఎట్టమను. ఒప్పుకోకపోతే మీరే తినీండి" అని కాపలాదారు చేతిలోనే పెట్టేశారు.

తిరుగు రైల్లో అన్నగారు కిటికీ సీటు దగ్గర నిలబడి, కూకో బావా అన్నారు. మావగారు కూర్చున్నారు. పోట్లాట లేదు. నేనే నోరు తెరిచి, మావా, నేను కూడా నమ్మలేదు, తప్పయిపోయింది అన్నాను. ఆయన బయటికి చూస్తూ, "దాని తప్పేటీ నేదు పిల్లా. ఆ రోజు నానే డబ్బా కొట్టనేదు" అన్నారు. అత్త ఉప్పు సంగతి ఎత్తలేదు. పులిహోర డబ్బా మూత తీసి ముందు ఆయనకు పెట్టింది.

ఊళ్ళో దిగేసరికి జనం కాసుకుని ఉన్నారు. సెవి ఉన్నాదా నేదా అని ఒకటే గోల. అది మనది కాదు అని మావగారు ఇంట్లోకి వెళ్ళిపోయారు. అన్నగారైతే అప్పటికప్పుడు గెలిచినట్టు చాటుకోవచ్చు. ఆయన, నాకు బుర్ర నొప్పిగా ఉన్నాది అని తన ఇంటికి పోయారు. జనం తమకు తోచింది తేల్చేశారు. చెవి ఉందన్నమాట, ఎలుగు మావ ఇన్నేళ్ళూ కోతలు కోశాడన్నమాట. మా బడిలో పిల్లలు నా వెనక ముళ్ళకంచె అని గుసగుసలాడితే ఇద్దరిని గోడకుర్చీ వేయించాను. తప్పే. మళ్ళీ అంటే మళ్ళీ వేయిస్తాను.

మావగారు మాత్రం పొద్దున్నే పేపరు దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగేవారు, "ఎలుగు గురించి ఏటైనా ఏసినారా" అని. లేదు మావా అంటే, "అయితే బాగున్నట్టే" అనేవారు.

జీడి కాపు మొదటి రోజు వచ్చింది. అందరూ తోట దారిలో చేరారు. మావగారు నూనె డబ్బా, కర్ర తెచ్చి అందరికీ ముందు నేల మీద పెట్టి, వరస చివరకు వెళ్ళి ఆడవాళ్ళ వెనక నిలబడ్డారు. ఆయన ముందు వరసలో లేని తోట దారి నేనెప్పుడూ చూడలేదు. నా కళ్ళు మండాయి. అన్నగారు ఇంకా రాలేదు.

కాసేపటికి వచ్చారు. ముందు నేను గుర్తుపట్టలేదు. మూతికి చుట్టుకున్న తువ్వాలు తీశాక జనమంతా ఘొల్లుమన్నారు. మీసం లేదు. పైపెదవి పాలిపోయి, పసిపిల్లాడి పెదవిలా తెల్లగా ఉంది.

"ఏటయ్యా, మీసమేదీ?" అని ఎవరో అడిగారు.

"ఎండలు. సెమట పడతన్నాది" అన్నారు అన్నగారు. ఎవరి వైపూ చూడకుండా డబ్బా, కర్ర తీసుకుని, వరస వెంట చివరి దాకా నడిచి వెళ్ళి మావగారి చేతిలో పెట్టారు.

"ముందు నడు బావా."

"పందెం నువ్వే నెగ్గినావు గదా."

"నాకు బయ్యం. ఎలుగొస్తే ముందు నిన్ను తింటాది, నాను ఇంటికి పారిపోతాను. నడు."

మావగారు ఆ బోడి పెదవిని కాసేపు చూశారు. తర్వాత ముందుకు వెళ్ళారు. డబ్బా వాయిస్తూ, వస్తన్నాం, తోవ ఒగ్గు అని కేకేసుకుంటూ తోటలోకి అడుగుపెట్టారు. ఇదివరకు నేరుగా ముందుకు నడిచేవారు. ఈసారి నాలుగడుగులు దారికి ఎడమ పక్కగా వెళ్ళి వాయించి, మళ్ళీ అడ్డంగా దాటి కుడి పక్కకు వెళ్ళి వాయిస్తున్నారు. వెనక ఊరంతా ఆగి ఆగి నడవాల్సి వస్తోంది. ఇలా అయితే తోట నడిమికి చేరేసరికి పొద్దు నెత్తికెక్కుతుందని సణుగుళ్ళు మొదలయ్యాయి.

"ఏటి బావా, ఆ పక్కా ఈ పక్కా తిరుగుతన్నావు?" అని వెనక నుంచి అన్నగారు అడిగారు.

మావగారు వాయించడం ఆపలేదు. "దానికి ఏ పక్క సెవి ఉన్నాదో మనకేటి తెల్సు" అన్నారు.

అన్నగారు పక్కనున్న ఆమె చేతిలోంచి సత్తు గిన్నె తీసుకుని, మావగారి పక్కకు వెళ్ళి, దారికి ఎడమ వైపు తను వాయించడం మొదలుపెట్టారు.